పసుపు పెట్టిన కాగితం

ఈ మధ్యాహ్నం చిత్తూరు కోర్టు ముందు నా టైపు మిషన్ దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. కంతుల మీద కొన్న పాత అంబాసిడర్‌ను ఫైనాన్సువాళ్లు లాక్కుపోయారట. ఒప్పంద పత్రం చేతికిచ్చాడు. నాలుగు మూలలా పసుపు పెట్టి ఉంది.

"ఇది చదివినావా అప్పా?" అన్నాను.

"లేదు సార్. దేవుని ముందర పెట్టి, మొక్కి, సంతకం చేసినాను. కారు నాదే కదా సార్?"

"ఆఖరు కంతు కట్టేదాకా వాళ్లదే. అయితే తీసకపోయే ముందు నీకు నోటీసు ఇయ్యాలని ఈడే రాసుండాది. ఇచ్చినారా?"

"లేదు సార్!" అన్నాడు, ముఖం వెలిగిపోతూ. ఆ ముక్కే అర్జీలో టైపు చేసిచ్చాను.

ఇంటికొచ్చి నా ఇంటి అప్పు పత్రాలు తీశాను. వాటికీ నాలుగు మూలలా పసుపే. పొద్దంతా ఊరివాళ్ల కాగితాలు చదివే నేను, నావి ఇప్పుడే మొదటిసారి చదువుతున్నాను. మీవి మీరు చదివారా?