సిరానుష్ అతికిన పెట్టె

ఎదుటివాళ్లు నోరు తెరవకముందే తప్పెవరిదో తేల్చేసే మనిషి మా పెద్ద ఇంజనీరు గోర్డన్. ఆ వారం తప్పు సిరానుష్ నెత్తిన పడింది.

సిరానుష్ పక్క ఊరు గ్లెండేల్‌లో స్థిరపడిన ఆర్మేనియన్. సొంత దేశంలో, యెరెవాన్ నగరంలో గడియారాలు బాగుచేసిన చేతులు ఆమెవి. పసడేనాలోని మా ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా వెంట్రుకంత తీగలు అతుకుతోంది. వ్యోమగాములు పీల్చే గాలిలో విషవాయువు చేరితే పసిగట్టే పరికరం ఆమె చేతిలోనే తయారైంది. చెప్పుల పెట్టెకన్నా చిన్నది. పరీక్షకు పెట్టామో లేదో, తెరమీద అసిటోన్ గీత లేచి కూర్చుంది. గోళ్లరంగు తుడిచే మందులో ఉండేది అదే. మేం భాగాలను దానితోనే కడిగి, మూడు రోజులు ఓవెన్‌లో ఆరబెడతాం.

"తొందరపడి ముందే తీసేశావు, ఒప్పుకో," అన్నాడు గోర్డన్ పరికరం మీదికి వంగి.

"ఇంట్లో రొట్టెనే ముందు తియ్యను, దీన్ని తీస్తానా?"

"రేపు మూత కోసి చూద్దాం."

కోస్తే ఎనిమిది నెలల పని బూడిదలో పోసిన పన్నీరే. ఇక ఆమెను మరో పరికరం ముట్టనివ్వరు కూడా. నాకు ఒళ్లు మండింది కానీ తెర వెనక తల దాచుకున్నాను. పిరికివాణ్ణి, ఒప్పుకుంటున్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా పక్కకు కుర్చీ లాక్కుని, వారం రోజుల గీతలు చూపించమంది. గోర్డన్ భోజనానికి వెళ్లిన వేళల్లో గీత నేలబారుగా ఉంది. ఆదివారం అసలు లేవనేలేదు.

"లోపల తడుంటే అది ఆదివారం సెలవు పెడుతుందా?" అని నన్నడిగి, గోర్డన్ వైపు తిరిగింది. "ఏమయ్యా, రొట్టె, బంగాళాదుంప మానేసి ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు. పన్నెండు పౌండ్లు తగ్గాను. అయితే?"

"మా ఆయనా ఇలాగే కడుపు మాడ్చుకున్నాడు. ఒంట్లో కొవ్వు కరిగేకొద్దీ ఊపిరంతా గోళ్లరంగు మందు వాసనే. రా, ఇక్కడ ఊదు."

ఊదాడు. గీత తెర అంచుదాకా ఎగిరింది. అతన్ని బయటికి పంపితే కాసేపటికి దిగిపోయింది. మనిషి రొట్టె మానేసిన సంగతి కూడా పసిగట్టే పరికరం అది! సంతోషం పట్టలేక బల్ల చరిచాను.

గోర్డన్ లోపలికొచ్చి, మూత కోయమని రాసిన కాగితాన్ని చించేశాడు. "తప్పు నాదే సిరానుష్. రెండో పరికరం కూడా నువ్వే చెయ్యాలి."

"చేస్తాను," అంది కళ్లు తుడుచుకుంటూ. "పరీక్ష రోజు మాత్రం నువ్వు తలుపవతలే ఉండు."