రెండు మిద్దెలు

నిన్న మదనపల్లె దగ్గర గుట్టెక్కుతుంటే, దారి పక్కన ఎవరో రాళ్లు పేర్చిపోయి ఉండారు. అట్లా పేర్చి మొక్కుకుంటే సొంతిల్లు వస్తుందని మా పక్క నమ్మకం. అబద్ధం కాదు, నాకైతే రెండొచ్చినాయి.

మా పుంగనూరు గుట్ట ముసలోళ్లు కూడా ఆగకుండా ఎక్కేంత చిన్నది. చిన్నప్పుడు ఒకరోజు అమ్మతో ఎక్కినా. రాయి మీద రాయి పెట్టి, "సూడుమా, నాలుగంతస్తుల మిద్దె! మేస్త్రీకి కూలియ్యి" అన్నా. అమ్మ నవ్వలేదు. కొంచెం అవతల కూర్చుని రెండే రెండు రాళ్లు పేర్చింది.

"అదెవురికిమా?"

"నాకప్పా. నువ్వు కట్టింది నీకూ మీ నాయనకూ."

"అయితే మనకు రెండిండ్లా!"

ఇంటికొచ్చేసరికి నాయన అన్నం తింటాండాడు. "నాయనా, మనకింగ రెండిండ్లు! ఒకటి అమ్మ ఒక్కదానికే!" అని ఎగిరినా.

నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఎప్పుడు పోతాండావు?" అని అమ్మను మెల్లగా అడిగినాడు.

ఆ వారమే అమ్మ కుప్పంలో పుట్టింటికి పోయింది, మళ్లీ రాలేదు. సెలవులకు నేను కుప్పం పోతే "నాయన దగ్గర్నుంచి వచ్చినాడు" అనేవాళ్లు. తిరిగి పుంగనూరొస్తే "అమ్మ దగ్గర్నుంచి వచ్చినాడు" అనేవాళ్లు. ఇంటికొచ్చినాడని మాత్రం రెండిండ్లలోనూ ఎవరూ అనలేదు.