బల్ల ఎక్కిన పాట

మా గల్లీలో కేసెట్ల దుకాణం నడిపిన మామ పోయిన నెల చనిపోయాడు. టీ తాగుతూ పక్కకు ఒరిగాడట. సూరత్‌లో సాంచెల మీద బట్ట నేసి బతికే మా తెలుగువాళ్లందరికీ ఆయన మామే. వరస ఎక్కడ కలిసిందో ఎవరూ అడగలేదు.

దుకాణం ముందు నల్లబల్ల ఉండేది. వారంలో ఎక్కువ అమ్ముడైన పది పాటలు ఆదివారం పొద్దున దాని మీద రాసేవాడు. టీవీలో పాప్ పాటలు జోరుగా వస్తున్న రోజులవి. కంపెనీల మనుషులు పోస్టర్లు, టోపీలు పట్టుకొచ్చి తమ పాట పొద్దంతా మోగించమనేవారు. మోగించేవాడు. నాలుగు రోజుల్లో అది బల్ల ఎక్కేది. "చెవుల వడ్డదే నోట్లకెల్లి వస్తది" అనేవాడు, అందులో తన చెయ్యేమీ లేనట్టు.

మామ తమ్ముడు నాతోపాటే కార్ఖానాలో పనిచేస్తాడు. మంచి గొంతు. బొంబాయి పోయి ఒక హిందీ పాట రికార్డు చేయించుకొచ్చాడు. కేసెట్‌కు ఒకవైపు పాట, రెండోవైపు ఉత్త సంగీతం. ఇంక చూడాలి మా గల్లీ హడావిడి! మనోడి పాటని ఇంటింటా కొన్నారు. టేప్‌రికార్డరు లేనివాళ్లూ కొన్నారు. మా ఆవిడ రెండు కొంది. ఆదివారానికి పాట ఒకటో నంబరు. పైనుందని చూసి గుజరాతీ కుర్రాళ్లూ కొన్నారు. వారాల తరబడి అది కిందికి దిగలేదు.

తమ్ముడు పని మానేసి, పెళ్లాం పిల్లలతో బొంబాయి పోయి పాటలే పాడుకుంటానన్నాడు. రేపు కార్ఖానా సేఠ్‌కు చెప్పేస్తానని అన్నతో అనడానికి దుకాణానికి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"జర ఆగు తమ్మీ," అన్నాడు మామ. "రోజు వినే కేసెట్ల రీలు చిక్కువడతది, తెగుతది. బాగుచెయ్యమని నా దగ్గరికే తెస్తరు. నీది ఒక్కటి గూడ రాలే."

"గల్లీ అంత కొన్నరు గదనే అన్నా."

"నిన్ను జూసి కొన్నరు. పాటను జూసి కాదు."

తమ్ముడు వెళ్లిపోయాడు. బొంబాయి ఊసెత్తలేదు. చాన్నాళ్లు అన్న గడప కూడా తొక్కలేదు. పాటను వారం వారం బల్ల మీద రాసేటప్పుడే ఆ మాట చెప్పొచ్చు కదా అని నాకూ మామ మీద కోపం వచ్చింది. కానీ పిల్లలతో ఆ మహానగరంలో ఏమైపోయేవాడో తలచుకుంటే ఆయనకు దండం పెట్టాలనిపిస్తుంది. రెండూ నిజమే.

మామకు కొడుకుల్లేరు. తమ్ముడే కొరివి పెట్టాడు. కర్మ అయ్యాక పనిలోకి వచ్చి, సాంచెల మధ్య తిరుగుతూ పోగులు సరిచేస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. గొంతెత్తి పాడుతున్నాడు. పక్కనే నిలబడ్డాను గాని, ఆ మోతలో ఏ పాటో నాకు వినపడలేదు.