ఉలవ కట్టె పక్కన ఆగిన లారీ

నిలబెట్టిన బండిని ఇంకో బండి వచ్చి గుద్దితే తప్పెవరిదో చిన్నపిల్లలు కూడా చెప్తారనుకునేదాన్ని. మా అంగడి ముందర జరిగింది చూశాక ఆ తెలివి కాస్తా పోయింది. ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది.

మాది మైదుకూరు దగ్గర పల్లె. రోడ్డు పక్కనే చిన్న కిరాణా అంగడి. ఆ పొద్దు మా అత్త ఉలవ కట్టె, అంటే కాయలతో కోసి ఎండబెట్టిన ఉలవ మొక్కలు, తెచ్చి అంగడి ముందర రోడ్డుకు ఒక పక్కగా పరిచింది. మా వైపు ఇది మామూలే. కల్లం అలికి, ఎద్దుల్ని తిప్పే ఓపిక ఇప్పుడు ఎవరికుంది? వచ్చే పోయే బండ్లు పైనుంచి పోతే కాయలు పగిలి ఉలవలు రాలతాయి, సాయంత్రం ఊడ్చి ఎత్తుకుంటాం. ఊరివాళ్లయితే పని గట్టుకుని దాని మీదుగానే పోతారు. అదొక సాయం.

బద్వేలు నుంచి నూనె డబ్బాలు, బిస్కెట్లు తెచ్చే లారీకి కొత్త డ్రైవరు వచ్చాడు. అంగడి ముందర ఆపాల్సినవాడు కట్టెను చూసి, అది అయిపోయేదాకా పక్కనుంచి పోయి, దాని చివర్న సగం రోడ్డు మీద, సగం మట్టిలో నిలబెట్టాడు.

"ఈడికే రాప్పా, దాని మీదనే పెట్టు" అని అరిచాను.

"వద్దులేక్కా, తిండిగింజల మీద చక్రం ఎక్కించేదానికి మనసొప్పదు" అంటూ అంత దూరం నుంచి డబ్బాలు భుజాన మోశాడు. ఏం మనిషిరా దేవుడా అని నవ్వాను గానీ, మంచివాడే అనిపించింది.

అంతలో మా ఊరి ఆటో అతను వచ్చాడు. మా అత్తకు మేనల్లుడి వరస. "అత్తా, తొక్కించి పోతా చూడు" అని కేకేసి కావాలనే కట్టె మీదకు తిప్పాడు. ఎండు కట్టె, కింద గింజలు. లారీ దగ్గర బ్రేకు వేస్తే ఆటో ఆగితేగా! సర్రున జారి లారీ వెనక మూలను గుద్దింది. లారీకి వెనక లైటు పగిలి తలుపు సొట్టబోయింది. ఆటోకు అద్దం పోయింది, అతని మోచెయ్యి గీరుకుపోయింది.

"నిలబెట్టిన బండిని గుద్దితివి గదప్పా!" అన్నాడు డ్రైవరు.

"కట్టె చివర్న ఎవరన్నా పెడతారా? అంగడి ముందర పెట్టింటే నేను పక్కనుంచి పోయేవాణ్ని గదా!" అని ఆటో అతను.

డ్రైవరు మాట వింటే అతనిదే న్యాయం. ఆటో అతని నెత్తురు చూస్తే పాపం మాకోసమే గదా వచ్చాడనిపించింది. గుంపులో ఒకాయన "అసలు రోడ్డు మీద..." అని మొదలుపెట్టి మింగేశాడు. నాలుగడుగులు పోతే రోడ్డు మీద ఆయన కంది కట్టె ఉంది మరి! మా అత్త మాత్రం "మా ఉలవలేం జేసినాయి నాయనా? ఉన్నచోటనే ఉండాయి" అంది.

డ్రైవరు ఫోను మోగింది. చూసి బిక్కచచ్చిపోయాడు. "మా ఓనరు. బండికి ఇంకో గీత పడినా తాళాలిచ్చి పొమ్మన్నాడక్కా. ఈ పని పోతే పెండ్లాం బిడ్డల్ని ఇడిచిపెట్టి మళ్లా బెంగుళూరికి పోవాల్సిందే. నువ్వన్నా చెప్పు."

ఫోను లాక్కుని అంతా చెప్పాను. పంట మీద ఎక్కించడం ఇష్టం లేక ఇతను పక్కన పెట్టాడు, మాకు సాయం చెయ్యబోయి అతను జారాడు, ఎవరూ చెడు చెయ్యలేదు అన్నాను.

"ఎవరి తప్పూ లేకుంటే నా లైటు దానంతటదే పగిలిందామ్మా? ఉలవల కత నాకెందుకు? తప్పెవరిదో ఒక్క ముక్కలో చెప్పు!"

ఒక్క ముక్కలో ఎట్లా చెప్పాలి? డ్రైవరుది కాదన్నాను. అయితే ఆటోవాడి మీద కేసు పెడతానన్నాడు. అయ్యో, అతనిదీ కాదన్నాను. ఆయన అరిచాడు, నేనూ అరిచాను.

డ్రైవరు నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "నాదే తప్పు సార్. పెట్టకూడని చోట పెట్టినా."

అవతల గొంతు వెంటనే దిగింది. "ఆ ముక్క ముందే చెప్పొచ్చు గదరా. సరే, రేపు టయానికి రా."

నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. "ఎందుకట్ల చెప్పినావప్పా? నేను చెప్తాండా గదా!"

"ఎవరో ఒకరు నాదే అనాల గదక్కా. మీరెవరూ అనకపోతిరి" అని చిన్నగా నవ్వి బండెక్కాడు.

ఆ మాటకు మా అత్త చేతిలో చీపురు కింద పడేసి లారీ వెనకాల పరుగు పెట్టింది. "నిలుపు నాయనా! మాదప్పా తప్పు! మీ సారుకు నేను చెప్తా!" లారీ మలుపు దాటిపోయింది. ఆమె నడిరోడ్డు మీద ఆయాసపడుతూ నిలబడి నా వైపు తిరిగింది.

"మనదే గదా అమ్మే?" అంది.

నేను కింద పడిన చీపురు తీసుకుని రోడ్డు మీది ఉలవలు ఊడవడం మొదలుపెట్టాను.