చీటీలో మూడో పరీక్ష

మా స్కూలు వరండాలో క్యాంపు పెట్టినప్పుడల్లా పేర్లు రాసేది నేనే. వ్యాను వస్తుంది, నర్సులు దిగుతారు, బల్ల మీద సూదులూ చిన్న సీసాలూ సర్దుతారు. మా కవిటి వైపు ఊళ్లలో ఆ వ్యాను ఎందుకొచ్చిందో చంటిపిల్లలక్కూడా చెప్పక్కర్లేదు. కిడ్నీల పరీక్ష. కిడ్నీ చెడితే రక్తంలో పెరిగే ఆ క్రియాటినిన్ అన్న మాట పలకడం రాని ముసలమ్మ మా ఊళ్లో లేదు. నేను రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో నిలబడి, పక్కనుంచి జారుకునేవాళ్లని కేకేసి పిలిచేదాన్ని. "ఏటి భయ్యం? సీమ కుట్టినట్టుంటాది, కూకో" అని రెక్క పట్టుకుని మరీ కుర్చీలో కూలేసేదాన్ని. టీచరు కదా, నా నోటికి జడిసి కూర్చునేవారు.

చివర్లో నర్సు, "మీదీ ఇచ్చేయండి మేడం" అనేది. "నాది టెక్కలిలో అయిపోయిందమ్మా" అనేదాన్ని. పచ్చి అబద్ధం. మా నాన్న ఆ జబ్బుతోనే పోయాడు. మా అన్నయ్య వారానికి మూడు రోజులు పలాస వెళ్లి డయాలసిస్ మంచం మీద పడుకుంటాడు. ఇక మిగిలింది నేను. నా అంకె నాకు తెలియనంతకాలం నాకేమీ లేనట్టే అని ఒక లెక్క వేసుకున్నాను. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి వేసుకోవాల్సిన లెక్కేనా అది!

ఇంతలో చెవి అడ్డం పడింది. నా ఎడమ చెవి చిన్నప్పటినుంచీ కారేది. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె చుక్కలు పోసేది, తగ్గేది, మళ్లీ వర్షాకాలానికి మొదలయ్యేది. దూది పెట్టుకోవడం బొట్టు పెట్టుకోవడంతో సమానమైపోయింది నాకు. కానీ ఆ ఏడాది వాసన మొదలైంది. ముందు బెంచీలో పిల్లలు నా కుడిపక్కకి జరిగి కూర్చోవడం గమనించాను. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది, ఇద్దరికి రెండు తగిలించి మనసు తేలిక చేసుకునేదాన్ని.

ఒక శనివారం టెక్కలి వెళ్లి చెవి, ముక్కు, గొంతు డాక్టరు గారికి చూపించుకున్నాను. నిదానం మనిషి. కొడితే గుంయ్‌మనే రెండు కొమ్ముల స్టీలు కడ్డీ ఒకటి తీసి, మోచేతికి కొట్టి, దాని మొదలు నా నుదుటి మధ్యన ఆనించాడు.

"ఏ చెవిలో వినిపిస్తోందమ్మా?"

ఎడమ చెవిలోనే! చెడ్డదనుకున్న చెవిలోనే ఖంగున మోగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎడమ దాంట్లోనేనండీ! చూశారా, బాగానే పనిచేస్తోంది" అన్నాను.

డాక్టరు నవ్వలేదు. "అది బాగున్నట్టు కాదమ్మా. బయటి శబ్దం లోపలికి వెళ్లే దారి మూసుకుపోయిన చెవే ఇలా ఎముక మీదనుంచి గట్టిగా వింటుంది" అన్నాడు. తర్వాత మైక్రోస్కోపు పెట్టి, పక్కనున్న తెర మీద నా చెవి నాకే చూపించాడు. లోపల తెల్లగా, ఆరిపోయిన పెరుగన్నంలా ఏదో పేరుకుని ఉంది. కర్ణభేరి లోపలికి పీల్చుకుపోయి సంచిలా అయిందట. ఆ సంచిలో చర్మం పొరలు పొరలుగా చేరి ఎముకను తినేస్తోందట. ఆ ఎముకకు ఆనుకునే ముఖాన్ని కదిలించే నరం ఉందట, పైన మెదడు ఉందట. చుక్కలతో తగ్గేది కాదు, ఆపరేషను చేసి తీసెయ్యాలి అన్నాడు.

ఆపరేషనంటే నాకు భయం లేదు. ఒట్టు. "ఎప్పుడు చేస్తారండీ" అనే అడిగాను. ఆయన చీటీ రాసిచ్చి, "మత్తు ఇవ్వాలి కదా, ముందు ఈ పరీక్షలు చేయించుకుని రండి, శ్రీకాకుళంలో నేనే చేస్తాను" అన్నాడు. చీటీలో మొదటిది హిమోగ్లోబిన్. రెండోది షుగరు. మూడోది చూసి చీటీ మడతపెట్టి, పర్సు లోపలి అరలో వేసి జిప్పు లాగేశాను.

ల్యాబు అక్కడే ఉంది, పది అడుగుల దూరంలో. దాని ముందునుంచే నడుచుకుంటూ వచ్చి పలాస బస్సెక్కాను.

మా ఆయన కొబ్బరికాయల లారీ మీద వెళ్తే పదేసి రోజులు రాడు. ఫోనులో అడిగితే, "చుక్కలతో తగ్గిపోతాదట" అన్నాను. అన్నయ్యకూ అదే చెప్పాను. ఆ తర్వాత ఆరు నెలలు నేను బతికిన బతుకు పగవాళ్లకు కూడా వద్దు. దూది మారుస్తూ, ఎండాకాలంలో కూడా చెవి మీదికి కొంగు లాక్కుంటూ తిరిగాను. తల కొంచెం తూలితే మెదడుకు ఎక్కిందేమోనని భయం. సరే రేపు వెళ్దామనుకుంటే మూడో పరీక్ష గుర్తొచ్చేది. ఇటు చెవి, అటు అంకె. రెండు గోడల మధ్యన నిలబడిపోయాను, తిరగడానిక్కూడా చోటు లేదు. అప్పుడు కూడా క్యాంపు పెడితే వెళ్లి పేర్లు రాశాను చూడండి, నా సిగ్గులేనితనం.

ఒక ఆదివారం పొద్దున పెరట్లో నోరు పుక్కిలిస్తుంటే నీళ్లు ఎడమ పక్కనుంచి వాటంతటవే కారిపోయాయి. మళ్లీ పోసుకున్నాను, మళ్లీ కారాయి. లోపలికెళ్లి అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకి లాగేసి ఉంది. ఎడమ కన్ను మూతపడటం లేదు. మంచం మీద కూలబడి ఏడ్చాను. ఏడుపు కూడా సగం ముఖంతోనే వచ్చింది.

అన్నయ్యకు డయాలసిస్ లేని రోజు అది. ఎప్పటిలాగే మునగకాడలు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఓలమ్మా! మూతేటే అలగైపోనాది?"

చెప్పబోతే మాట సరిగా రాలేదు. మునగకాడలు అక్కడే పడేసి ఆటో పిలుచుకొచ్చాడు. "నెగు. బేగి నెగు" అని ఎక్కించాడు. వాడి ఎడమ చేతి మీద, డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపి కుట్టిన చోట తాడులా ఉబ్బి ఉంటుంది. ముట్టుకుంటే లోపల రక్తం జుయ్‌మంటుందని వదిన చెప్పేది. నాలుగేళ్లుగా నేనెప్పుడూ ముట్టుకోలేదు. ఇరుకు ఆటోలో ఆ రోజు దారి పొడవునా నా చెయ్యి దాని మీదే ఉంది.

టెక్కలిలో ఆదివారం పూటా ఆసుపత్రి తెరిచే ఉంది. నన్ను చూడగానే డాక్టరుకు కోపమొచ్చింది. "ఆరు నెలల కిందట పరీక్షలు రాసిచ్చాను కదమ్మా? ఏమయ్యారు ఇన్నాళ్లు? నరం ఇంకా పూర్తిగా పోకముందే చెవిలో పేరుకున్నది తీసెయ్యాలి. ఆలస్యం లేదు ఇక."

"పరీచ్చలా? సుక్కలతో తగ్గిపోతాదన్నావు కదే?" అన్నాడు అన్నయ్య.

నా చెయ్యి తనంతట తానే పర్సు మీదికి వెళ్లింది. నా పర్సు లాక్కుని వాడే వెతికాడు. జిప్పు అరలో చీటీ దొరికింది, పెట్టిన మడత పెట్టినట్టే. విప్పి వేలు పెట్టి చదివాడు. వేలు మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

"దీనికా?"

తల ఊపాను.

"నాలాగైపోతావనేనా?"

నా అన్న ముఖం చూసి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. నేను ఇన్నాళ్లు పారిపోయింది రక్తపరీక్ష నుంచి కాదు, వాడినుంచి. అది వాడికి ఆ కుర్చీలో కూర్చుని తెలిసింది.

"నానేటైపోనానే?" అన్నాడు మెల్లగా. "ఎల్తన్నాను, వత్తన్నాను. మునక్కాడలు కోసి తెస్తన్నాను. సచ్చిపోనానేటి?" అని నా భుజం పట్టుకుని లేపాడు. "నడు. సీమ కుట్టినట్టుంటాది. ఊరందరికీ నువ్వే సెప్తావు కదా."

రిపోర్టు రావడానికి గంటన్నర పట్టింది. కాగితం నా చేతికి రానివ్వలేదు, వాడే తీసుకున్నాడు. హిమోగ్లోబిన్, షుగరు చూడనేలేదు. సరాసరి మూడోది చూసి ల్యాబు ఎగిరిపోయేలా అరిచాడు. "పాయింట్ ఎనిమిది! పాయింట్ ఎనిమిదే నీది! ఎంత బాగుందో!" నాకు సంతోషం పొంగుకొచ్చింది, వెంటనే వాడి ఎదుట సంతోషపడినందుకు సిగ్గేసింది. కాగితం వాడు జేబులో పెట్టేసుకున్నాడు. ఆ కంగారులో నేనూ అడగలేదు.

ఆపరేషను జరిగింది. డాక్టరు ఆ తెల్లటి గడ్డనంతా తీసేశాడు. మూతి నాలుగైదు నెలలకు దాదాపు సర్దుకుంది. శబ్దాన్ని లోపలికి చేర్చే చిన్న ఎముకల్ని మాత్రం జబ్బు ముందే తినేసింది, ఎడమ చెవి ఇక అంతంతమాత్రమే. పిల్లలు ఇప్పుడు నా కుడిపక్కకి వచ్చి పాఠం అప్పజెబుతారు, నేనే రమ్మన్నాను. అది నా ఆరు నెలల పిరికితనానికి శిక్ష, పడాల్సిందే.

కానీ ఆపరేషనుకు ముందు మంగళవారం సంగతి నాకు అన్నిటికన్నా గుర్తు. ఆసుపత్రిలో చేరడానికి రిపోర్టు కావాలి, అది అన్నయ్య జేబులో ఉంది, వాడు పలాసలో డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. ఆ నాలుగేళ్లలో నేను ఆ వార్డు గుమ్మం తొక్కలేదు. ఆ రోజు వంకర మూతికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లాను. వరుసగా మంచాలు, మంచం పక్కన మంచం, గొట్టాల్లో ఎర్రగా తిరుగుతున్న రక్తం. ఒక మంచం మీద పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వేనేటమ్మా, పాయింట్ ఎనిమిదివి?"

నాకు అర్థం కాలేదు. చూస్తే ఆయన చేతిలో నా రిపోర్టు ఉంది. పొద్దుటినుంచీ ఆ కాగితం మంచం నుంచి మంచానికి తిరుగుతోందట. అటుపక్క మంచం మీది ఆవిడ, "మాయమ్మే, సల్లగుండు" అంది. ఆ వార్డులో ఒక్కరికి కూడా అలాంటి అంకె మళ్లీ రాదు. అయినా ఒక్కొక్కరూ దాన్ని తీసుకుని, చూసి, పక్కవాళ్లకు జాగ్రత్తగా అందించారు. ఆపరేషనుకు కావాలని అన్నయ్యకు చెప్పి చెయ్యి చాపాను.

అన్నయ్య తల తిప్పి పెద్దాయన చేతిలో కాగితం వంక, నా వంక చూశాడు. "ఆసుపత్రోలకి జిరాక్సు ఇచ్చీ," అన్నాడు. "అసలుది నాకుంచీ."