అలిగిన నీలి బాన

ఆ రోజుల్లో మా రాయచూరు జిల్లాలో మగవాళ్ళు రెండే రకాలు: కృష్ణ ఒడ్డున కొత్తగా లేచిన కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినవాళ్ళు, దొరకబోతున్నవాళ్ళు. ఆ ఫ్యాక్టరీ పొగగొట్టం ఎంత ఎత్తంటే, దానిమీద నిలబడి ఎవరైనా తుమ్మితే మహబూబ్‌నగర్‌లో గొడుగులు విప్పేవారు (నేను కొలిచి చెప్తున్న మాట కాదు, కానీ కొలిచినవాళ్ళెవరూ నాతో కాదనలేదు). నేను ఈ రెండు రకాల్లో దేనికీ చెందను. ఇరవై ఒక్కేళ్ళవాణ్ణి, బీకాం చివరి పరీక్ష తప్పినవాణ్ణి. తప్పడం పెద్ద సంగతి కాదు, మా వంశంలో అది ఆనవాయితీ. నా జవాబు పత్రాలు మరీ బాగున్నాయని, నకళ్ళు తీసి దాచుకోవడానికి వాటిని బెంగుళూరు పంపించారని, అందుకే ఫలితం ఆలస్యమవుతోందని మా నాన్నకు చెప్పాను చూడండి, అదీ సంగతి. అసలు విషయం బయటపడిన రోజు నాన్న కాలిచెప్పు చేతిలోకి తీసుకుని నిలబడ్డారు. అదే సమయానికి యాపలదిన్ని నుంచి రాయచూరులో మా ఇంటికి వచ్చిన మా మేనత్త, నాన్న చెల్లెలు, గడపమీద కూర్చుని చాయ్ తాగుతోంది.

"అన్నా, ఆ చెప్పు జర కింద పెట్టు. ఎన్ని దినాలు నమ్మినవ్ నువ్వు?" అంది.

"ఇరవై మూడు దినాలు," అన్నారు నాన్న పళ్ళు నూరుతూ.

"నువ్వొక్కనివేనా?"

"వాడ వాడంత నమ్మింది. దూద్‌పేడలు గూడ పంచిన."

అత్త చాయ్ కప్పు పక్కన పెట్టి, సంతలో కోడెను చూసినట్టు నన్ను కొమ్ముల దగ్గర నుంచి గిట్టల దాకా చూసింది. "వీన్ని నాకియ్యి. వారం దినాలు. నాకు పనుంది," అంది. నాలోని ప్రతిభను గుర్తించిన మొదటి మనిషి ఆమే.

యాపలదిన్నిలో ఆ ఏడు వాన ఊరి దారి మరిచిపోయింది. పత్తి తలకాయ వేలాడేసింది, జొన్న మోకాలెత్తులోనే సన్యాసం పుచ్చుకుంది. ఊరి ఎర్రచేలల్లో పచ్చగా నిలబడిందల్లా అత్తా వాళ్ళ నీలిమందు మడి ఒక్కటే. చిన్న చిన్న ఆకుల పొదలు, నడుమెత్తు కూడా ఉండవు. వానొస్తే సంతోషం, రాకపోతే మరీ సంతోషం అన్న ధోరణి వాటిది. మేకలు కూడా వాసన చూసి, ఇది తినే సరుకు కాదని గౌరవంగా పక్కకు తప్పుకునేవి. ఆ మడి మా మామ వాళ్ళమ్మ వేసింది. ఆమె పోయాక అత్త ఏటా విత్తనం దాచి, పూత రాకముందే కొమ్మలు కోసి, కట్టలు కట్టి, రాతి తొట్టిలో నీళ్ళుపోసి నానబెట్టేది. మర్నాడు ఆకు తీసేస్తే మిగిలే పసుపుపచ్చ నీళ్ళను కర్రలతో బాదాలి. బాదగా బాదగా నురుగొచ్చి, నీళ్ళు నీలమై, అడుగున నీలం మడ్డి దిగుతుంది. దాన్ని గుడ్డలో వడకట్టి బిళ్ళలు చేస్తారు. చేరిన రోజే నా చేతికి ఒక కర్ర ఇచ్చింది. నేను పొద్దుటి నుంచి బాదాను. నా లెక్కలో పదివేల దెబ్బలు (అత్త లెక్కలో నలభై).

కానీ నన్ను తెచ్చింది అందుకు కాదు. పెరట్లో, మెడ దాకా నేలలో పాతిన పెద్ద మట్టి బాన ఒకటుంది. ఏనుగు స్నానం చేసేంత పెద్దదని చెప్పాలని ఉంది గానీ, సరే, గున్న ఏనుగు అనుకోండి. బిళ్ళలు నూరి ఆ బానలో వేసి, సున్నం, బెల్లం, తగిరిస అనే పిచ్చిమొక్క గింజలు ఉడికించిన జిగురునీళ్ళు పోస్తే లోపల అంతా పులుస్తుంది. పులిసిన బానలోనే నూలు ముంచాలి. మామ వాళ్ళమ్మ చేతి కాలం నుంచి ఆ బానను పూర్తిగా ఖాళీ చేసింది లేదు. పాత పులుపు మీదనే కొత్తది, పెరుగుకు తోడు పెట్టినట్టు. ఆ బాన ఇప్పుడు చెడింది. మీద తేలాల్సిన రాగిరంగు మీగడ మాయమైంది, లోపలి నీళ్ళు ఆకుపచ్చగా ఉండకుండా సిరాలాగా నల్లబడ్డాయి. ముంచిన గుడ్డ ముంచినట్టే మురికిగా బయటికొస్తోంది. ఇక వాసన సంగతి. రాయచూరు బస్సు అత్తా వాళ్ళ వీధి మొగకు వచ్చి, ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి తిరిగిపోయేది.

"అలిగింది," అంది అత్త, అత్తారింటికి పోనని మొండికేసిన పిల్ల గురించి చెప్తున్నట్టు. "వారమాయె. దినాం సున్నమేసిన, బెల్లమేసిన, కలబెట్టిన. ఏమి జేసినా మూతి తిప్పుకుంటున్నది. మంగళారం లోపల దారికి రాకపోతే మీ మామ దీన్ని మట్టేసి పూడుస్తడు. మాట అయింది."

ఆ మాట ఏమిటంటే, మా మామ కరెంటు ఫ్యాక్టరీలో గేటు దగ్గర కాపలా. యాపలదిన్ని నుంచి రోజూ రెండు బస్సులు మారి పోవాలి. ఇప్పుడు ఆయనకు అక్కడి కాలనీలో ఇల్లు వచ్చింది. కొళాయి, సిమెంటు గచ్చు, పొద్దస్తమానం తిరిగే ఫ్యాను. (యాపలదిన్నిలో జనం కరెంటును తీగలమీద పోతుండగా కింద నుంచి చూసేవాళ్ళు. అది వాళ్ళకేసి చూడకుండా బెంగుళూరు వెళ్ళిపోయేది.) మంగళవారం తాళంచెవి తీసుకోవాలి. కాలనీ సిమెంటు గచ్చులో బాన పాతడానికి ఒప్పుకోరు. బాన బతికుంటే ఇక్కడే ఉందాం, చచ్చిపోతే పోదాం, అని మామ అత్తకు మాటిచ్చాడు. మాటిస్తే ఇచ్చినట్టే. ఊరంతా ఆయన్ని తక్కెడ మామ అని పిలిచేది ఊరికే కాదు, ప్రతి మాటనూ తూచిగానీ బయట పెట్టడు. వాన వస్తుందా మామా అని అడిగితే, "వచ్చినంక చెప్త," అనేవాడు. ఒక పెళ్ళిలో పెండ్లికూతురి తండ్రి చేతులు జోడించి భోజనం ఎట్లుందని అడిగితే, "పప్పుల ఉప్పెక్కువ, మర్యాదల తక్కువ," అని వచ్చేశాడు. ఆ వియ్యాలవాళ్ళు ఈ రోజుకూ మాతో మాట్లాడరు.

"అయితే నేనేం జెయ్యాలె అత్తా?"

"అబద్ధమాడాలె," అంది అత్త నిమ్మళంగా.

నీలి బాన అలిగితే దానికొక్కటే మందట. ఎవరూ ఎన్నడూ వినని ఒక అబద్ధం పుట్టించి ఊరి మీదికి వదలాలి. చావు కబురు ఉండకూడదు, పెళ్ళి చెడగొట్టే మాట ఉండకూడదు, ఎవరి పొట్టా కొట్టకూడదు. అది నోళ్ళలో తిరిగి తిరిగి, చెప్పినవాడి నోట కాక వేరొకరి నోట మళ్ళీ ఇంటికి రావాలి. వచ్చేదాకా బాన మూత ముట్టరాదు. వచ్చిన రోజు బాన మళ్ళీ దారికొస్తుంది. మామ వాళ్ళమ్మ ఈ విద్యలో ఆరితేరిన మనిషట. ఆమె పంపిన అబద్ధాలు కర్నూలు దాకా పోయి, బంధువులను వెంటబెట్టుకుని వచ్చేవట. చిన్నప్పుడు ఆ అబద్ధాలన్నీ నిజమని నమ్మి బడిలో దెబ్బలు తిన్న మామ, పెద్దయ్యాక అబద్ధమన్నది ఆడనని ఒట్టు పెట్టుకున్నాడు. అందుకే ఆయనకీ సంగతి చెప్పొద్దంది అత్త. తెలిస్తే బజారుకు పోయి, "అది మా పిల్లగాడు పుట్టించింది," అని ఇంటింటికీ చెప్పి వస్తాడట.

"మరి నువ్వే ఎందుకాడవు?"

"ఆడిన. మా ఇంట్ల పిల్లి ఏకాదశి ఉపాసం ఉంటదని పక్కింటామెకు చెప్పిన. సగం చెప్పంగనే నవ్వొచ్చె. ఆమె గూడ నవ్వె. ఆడికే అయిపాయె."

శుక్రవారం పొద్దున నేను చాచా హోటల్‌కు పోయాను. హోటల్ అంటే నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక చాచా. కానీ ఊళ్ళోని ప్రతి మాటా ఆ చాయ్‌లో ముంచకుండా ముందుకు పోదు. నేను చాయ్ పట్టుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పదలచుకోని మనిషిలాగా దిగులుగా కూర్చున్నాను. (ఇది కళ. అబద్ధాన్ని మనం అమ్మకూడదు. వాళ్ళే వచ్చి అడగాలి.)

"క్యా హువా, పట్నం సాబ్? మొగం గట్ల పెట్టినవ్," అన్నాడు చాచా.

"ఏం లేదు చాచా. మొన్న ఫ్యాక్టరీ దిక్కు పోయిన. ఆడ మనుషుల బతుకులెట్ల మారిపోతున్నయో చూసి మనసు అదోలాగ అయింది. ఆడ వేడినీళ్ళు పారే కాలువుంది గద. దాంట్ల దినాం ఒక బర్రె పంటున్నది. ఇప్పుడది కాగిన పాలిస్తున్నది."

చాచా చేతిలో వడబోత ఆగింది. "కాగినయా?"

"పొంగుతయి. గిన్నె పెద్దది పెట్టాలె."

"చాయ్‌పత్తి వేస్తే?"

"చాయ్ అవుతది. కానీ చక్కెర మనమే వెయ్యాలె చాచా. అది మాత్రం దానితో కాదు."

చాచా మొహంలో చివరి అనుమానం అక్కడ కరిగిపోయింది. చక్కెర కూడా అదే ఇస్తుందని చెప్పి ఉంటే నన్ను తన్నేవాడు. లోకంలో ఏ వస్తువుకైనా చిన్న లోపముంటేనే మనుషులు నమ్ముతారు. "గందుకే అంటున్న," అన్నాడు చాచా బల్లమీదివాళ్ళ వైపు తిరిగి, "ఆ ఫ్యాక్టరీ వచ్చినంక పొయ్యిల ధందా ఖతం." అప్పటికే ఇద్దరు లేచి బస్టాండు వైపు నడుస్తున్నారు.

తరువాత రోజులు నా జీవితంలో అతి పొడవైనవి. శనివారం ఏ కబురూ రాలేదు. ఆదివారం రాలేదు. అబద్ధం బయటికి పోయిందే గానీ ఇంటి దారి తెలియక ఎక్కడో తిరుగుతోంది (మాన్వి చేరేసరికి ఆ బర్రె తోడు లేకుండా పెరుగే ఇచ్చేదని తరువాత తెలిసింది). నేను రోజుకు ముప్పై సార్లు బాన చుట్టూ తిరిగేవాణ్ణి. ఒకసారి మూత అంచు కొద్దిగా ఎత్తబోతే అత్త చేట విసిరింది. "సుమ్నె, సప్పుడు జెయ్యక కూసో. కదిలిస్తే ఖరాబైతది," అంది. సోమవారం సాయంత్రానికి ఆమె ఆశ వదిలేసింది. రంగు వెయ్యని నూలు చిలపలన్నీ ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ చుట్టి, బుట్టలో పెట్టింది. నీలి విత్తనాల మూటను ఊర్లో ఎవరికివ్వాలో ఆలోచిస్తున్నానంది. నా అబద్ధం మీద నాకే మొదటిసారి సిగ్గేసింది, అది సరిపోలేదని.

మంగళవారం పొద్దున మామ డ్యూటీ దిగి వచ్చాడు. కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. అత్త చాయ్ తెచ్చి ముందు పెట్టి, గోడ పక్కన నిలబడింది. తాళంచెవి తెచ్చాడా లేదా అని నేను ఆయన జేబువైపే చూస్తున్నాను. మామ గొంతు సవరించుకున్నాడు.

"ఫ్యాక్టరీ కాడ ఒక బర్రె కాగిన పాలిస్తున్నది," అన్నాడు.

పెరట్లో కోళ్ళు కూడా మేత ఆపాయి.

"ఎవరు చెప్పిర్రు నీకు?" అంది అత్త.

"గేటు కాడ అందరు అనుకుంటున్నరు." ఇక్కడ ఆపితే అది నిజమే, తక్కెడ సమానంగానే ఉండేది. కానీ ఆయన ఆపలేదు. చాయ్ గ్లాసులోకి చూస్తూ, "నేనే చూసిన," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. నుదుటిమీద చెమట పట్టింది. "ఒక గిలాస తాగిన గూడ. నాలిక కాలింది."

నేను పుట్టించిన బర్రె అది. దాని పాలు తాగిన మనిషిని ఎదురుగా చూస్తూ నేను నోరు తెరిచి కూర్చుండిపోయాను. అత్త గోడ దగ్గర నుంచి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. "చక్కెర ఏసుకున్నవా మరి?" అంది.

"ఏసుకున్న," అన్నాడు మామ.

అత్త పెరట్లోకి పోయి మూత తీసింది. మీద రాగిరంగు మీగడ, చేయి పెట్టకుండానే మిలమిల్లాడుతోంది. నూలు చిలప ఒకటి ముంచింది. నన్నూ చేయి పెట్టి పట్టుకోమంది. పైకి తీసినప్పుడు లేత ఆకుపచ్చగా ఉంది. గాలి తగిలేకొద్దీ అంచుల నుంచి నీలం పాకుతూ వచ్చింది. మామ గుమ్మం దగ్గర నిలబడి అది పూర్తిగా నీలమయ్యేదాకా చూసి, "రెండు బస్సులు అలవాటే గద," అని లోపలికిపోయి పడుకున్నాడు. తాళంచెవి ఆయన తీసుకోనేలేదని ఆ రాత్రి అత్త చెప్పింది.

చదువుకున్నవాళ్ళు ఇప్పుడు నాతో అంటారు, బానకు అబద్ధం అక్కర్లేదు, నాలుగు రోజులు కలబెట్టకుండా వదిలేస్తే చాలు, దానంతటదే తేరుకుంటుందని. అయ్యుండొచ్చు. అబద్ధం తిరిగొచ్చేదాకా ఎవరూ దాన్ని కెలక్కుండా ఆపడానికే ఆ ముసలమ్మ ఈ నియమం పెట్టిందేమో కూడా. నేను వాదించను. కానీ ఆ ఇరవై ఒక్కేళ్ళవాడికి ఇవేమీ తెలియవు. జిల్లా జిల్లాను నమ్మించానని, ఒక బానను బతికించానని, అంతా తన ప్రతిభేనని నమ్మి ఆ బుధవారం రాయచూరు బస్సెక్కాడు. ఆ ఇంట్లో అందరికంటే పెద్ద అబద్ధం, వాళ్ళమ్మ మందును గుర్తుపట్టి అందరికంటే కష్టపడి ఆడినవాడు గుమ్మంలో నిలబడి సాగనంపుతున్నాడని వాడికి తట్టలేదు. తట్టడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. అయినా వాణ్ణి నేనేమీ అనను. మోచేతి దాకా నీలమైన చేతిని కిటికీ బయట పెట్టుకుని, దారిలో పొలాలవాళ్ళందరూ చూస్తున్నారనుకుంటూ కూర్చున్నాడు పాపం. రాయచూరు వచ్చేదాకా లోపలికి తీసుకోలేదు.