తీపి పడని పాకం మేస్త్రి

2004 వానాకాలం చివరి రోజులు. అనకాపల్లి బజారు పక్క సందులో నాది మూలికల కొట్టు. నేను వైద్యం చదవలేదు. పదార్థాల పేర్లు, పాళ్లు, తూకాలు కొట్టులో కూర్చునే నేర్చుకున్నాను. జబ్బు తగ్గించమని నా దగ్గరికి ఎవరూ రారు. జబ్బు తగ్గాక ఒంట్లో మిగిలిపోయిన నీరసం కోసం వస్తారు.

రావికమతం వైపు నుంచి నరసమ్మ అలాగే వచ్చింది. ఆమె భర్త సన్యాసి, గానుగ దగ్గర బెల్లం పాకం చూసే మేస్త్రి. టైఫాయిడ్ తగ్గింది, ఇక నీరసమేనని డాక్టరు చెప్పారట. చెరకు ఆడడం మొదలయ్యేసరికి అతను రసం కాగే పెనం ముందు నిలబడలేకపోతే రైతులు ఇంకో మేస్త్రిని పెట్టుకుంటారు. ఒకసారి చెయ్యి మారితే ఆ పని మళ్లీ దొరకదని ఆమె భయం.

పెన్నేరుగడ్డ లేహ్యం ఇచ్చాను. అశ్వగంధ అన్నా అదే. కొన్నాళ్లకి ఖాళీ డబ్బా పట్టుకుని మళ్లీ వచ్చింది.

"ఎలా ఉన్నాడమ్మా?"

"ఏటి సెప్పమంతావు బాబూ! డబ్బా ఖాళీ, మనిషీ ఖాళీ. వీధరుగు దాకా నడిసి కూకుండిపోతన్నాడు."

నాకు లెక్క కుదరలేదు. డబ్బా మందు తిన్నవాడికి బలం రాకపోయినా ఆకలైనా కాస్త పెరగాలి. మనిషిని తీసుకురమ్మన్నాను.

సన్యాసి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. రెండో డబ్బా నింపుదామని లేహ్యం డ్రమ్ము మూత తీశాను. అతను చటుక్కున రోడ్డు వైపు తల తిప్పేశాడు. మూత పెట్టాను. తల ఇటు తిరిగింది. మళ్లీ తీసి చూశాను. మళ్లీ అటే.

"ఏం మావా, వాసన పడదా?"

అతను భార్య వైపు ఓరగా చూశాడు. చివరికి గొంతు తగ్గించి అన్నాడు:

"సీజనంతా బెల్లం ఆవిరే పీలుత్తాను బాబూ. ఏళ్లబట్టీ అంతే. తీపి నోటికాడికొత్తే కడుపులో తిప్పేత్తది."

"మరి డబ్బా ఎలా అయిపోయింది?"

"దూడకెట్టేసేను."

నరసమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "అందుకా అది తాడు తెంపుకుని గెంతుతంది! ఆ ముక్క నాతో సెప్పడానికి నోరు పడిపోయిందేటి?"

"పాకం మేస్త్రికి బెల్లం పడదంటే ఊరు నవ్విపోదా? పెనం కాడికి రానిత్తారా?"

నవ్వు ఆపుకుని లెక్క వేశాను. మందుపొడిని మోసే పాకాన్ని మా వ్యాపారంలో బేస్ అంటారు. మా లేహ్యం నాలుగు పాళ్లయితే అందులో మూడు పాళ్లు బెల్లమే. మిగిలిన ఒక్క పాలు ఎంత కచ్చితంగా తూచినా, ఈ మూడు పాళ్లూ దాటి అది అతని గొంతు దిగదు.

మందును దేనితో కలిపి పుచ్చుకోవాలో దాన్ని అనుపానం అంటారు. పాలు, తేనె, నెయ్యి అని పాతవాళ్లు చెబుతారు. అతనికి ఏది ఇష్టమని అడిగితే "సోడంబలి" అన్నాడు. ఆ చోడి అంబలిలోనే, అంటే రాగి జావలోనే, మజ్జిగ, ఉప్పు, జీలకర్ర వేసి పెన్నేరుగడ్డ పొడి కలపమన్నాను. డాక్టరుని కూడా ఒక మాట అడగమన్నాను.

చెరకు ఆడడం మొదలయ్యాక చూడడానికి గానుగ దగ్గరికి వెళ్లాను. సన్యాసి పెనం ముందు నిలబడి తెడ్డు తిప్పుతున్నాడు. వేడి బెల్లం ఆకులో పెట్టి నాకు అందించి, తను మాత్రం గాలివాటు చూసుకుని పక్కకి జరిగాడు. మూలిక పని చేసిందో, కడుపునిండా తాగిన అంబలి పని చేసిందో నేను విడదీసి చెప్పలేను. రెండూ లోపలికి వెళ్లాయి, అంతవరకే నాకు తెలుసు.

తర్వాతి ఏడాది పూడిమడక నుంచి చేపలు ఎండబెట్టే ఆవిడ నీరసమని వచ్చింది. కాటా ముట్టుకోకుండా ముందు అడిగాను: "నీకు ఏ వాసన పడదమ్మా?"

"ఏటి బాబూ, మందుకొత్తే ఇలాగడుగుతావు?" అని నవ్వింది. కాసేపు ఆలోచించి, "సేపలే" అంది.